ఎదురొచ్చిన ఐలవ్వ

(పద్నాలుగో భాగం)

పోయిన వారం అనసూర్యను గనిలో దీపాలిచ్చే లాంపు రూము కిటికీ ముందు, చేతిలో టిఫిన్ డబ్బాతో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా నిలబడే ఉంది. ఇంకా నిలబెట్టడం న్యాయం కాదు.

సంగతి మరిచినవారి కోసం నాలుగు ముక్కలు. అనసూర్య భర్త కొమురెల్లి గనిలో సర్దార్. పొద్దటి షిఫ్టులో బొగ్గు తవ్వే చోటికి అందరికన్నా ముందు వెళ్లి, పైనున్న బండను కర్రతో కొట్టి చూస్తాడు. చప్పుడు గట్టిగా వస్తే చాక్‌పీసుతో తన పేరులోని మొదటి అక్షరం, ఆనాటి తారీఖు రాస్తాడు. ఆ అక్షరాన్ని నమ్మి మిగతావాళ్లు లోపల అడుగు పెడతారు. రెండు నెలల కిందట అట్లా 'కొ' అని రాసిన బండే, రాసిన రెండు గంటలకు ఊడి బుచ్చన్న మీద పడింది. బుచ్చన్నది పక్క క్వార్టరే. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. కొమురెల్లికి అతను తోడబుట్టకపోయినా అన్నే.

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని కాగితం వచ్చింది. కాగితానికేం, వస్తుంది. మనసు కాగితం చదివి ఊరుకునే రకమైతే మనకు ఈ కథ ఉండేది కాదు. కొమురెల్లి తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు, కన్ను మూయడం మానేశాడు. అటువంటి మనిషి నాలుగు రోజుల నుంచి తేటపడ్డాడు. అన్నం ఇంకొంచెం పెట్టమన్నాడు. నిన్న అయితే పెళ్లాం జడ లాగి ఏడిపించాడు. మైసమ్మకు మొక్కిన కోడిపుంజు ఫలించిందని అనసూర్య మురిసిపోయింది. ఈ పూట డబ్బా మరిచిపోయి డ్యూటీకి పోయాడని, ఆ మురిపెంలోనే తానే పట్టుకుని బయల్దేరింది.

కిటికీ అవతల దీపాలు తుడుస్తున్న గులాం అలీ అప్పుడు ఆమెతో చెప్పిన మాట ఇది. కొమురెల్లి దీపం పదకొండు రోజులుగా దాని చోటు నుంచి కదలలేదు.

అనసూర్య నవ్వింది. ముసలాయన ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నాడనుకుంది. తన మొగుడు రోజూ సైరను మోగగానే బూట్లు తొడుక్కుని పోతున్నాడని, మూడు గంటలకు మొఖం నిండా బొగ్గుతో ఇంటికి వస్తున్నాడని చెప్పింది. గులాం అలీ వాదించలేదు. దీపం తెచ్చి కిటికీలో పెట్టాడు. దాని పక్కనే కొమురెల్లి నంబరు ఇత్తడి బిళ్ల పెట్టాడు. దిగే ప్రతి మనిషీ ఇక్కడ తీసుకుని, ఎక్కాక ఇక్కడే అప్పగించే బిళ్ల అది. దాని మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము ఉంది. రెండు వారాల సెలవు చీటీ పెట్టాడని, ఇంటిపట్టున ఉండి తేరుకుంటున్నాడని గని అంతా అనుకుంటోందని ఆయన చెప్పాడు.

అనసూర్య ఆ దుమ్ము మీద వేలు పెట్టి చూసింది. గనిలో దిగని మనిషి మొఖానికి బొగ్గు ఎక్కడిది? పూసుకుంటే తప్ప రాదు. పదకొండు రోజులుగా ఆయన వీపు రుద్దనివ్వడం లేదు. నీకెందుకు తిప్పలు, నేనే పోసుకుంట అంటున్నాడు. మొగుడికి తన మీద ఇంత దయ పుట్టిందని క్వార్టర్ల లైనులో నలుగురికీ చెప్పుకుని పొంగిపోయింది కూడా.

ఇంకో ఆడదాని ఇల్లు మరిగాడేమోనని ఒక్క క్షణం అనుకుంది. అనుకుని, అదే నిజం చెయ్యి తల్లీ అని మైసమ్మను వేడుకుంది. సవతి కావాలని మొక్కుకున్న ఆడదాన్ని ఈ కథలో ఇప్పటిదాకా చూడలేదు. ఇప్పుడు చూశాం. ఎందుకంటే ఆమె మనసులో అంతకన్నా చెడ్డ అనుమానం అప్పటికే మొదలైంది.

గులాం అలీ రెండో సంగతీ చెప్పాడు. ఆ పొద్దున షిఫ్టు రద్దీలో, నలభై మందికి దీపాలు అందిస్తుంటే, కొమురెల్లి కిటికీ దగ్గరికి వచ్చాడట. దీపం అడగలేదు. చెయ్యి పట్టుకుని, "చాచా, కహాసునా మాఫ్ చెయ్యి" అన్నాడట. అన్న మాటా, విన్న మాటా మన్నించమని. హజ్‌కు పోయేవాళ్లు అంటారు, ఊరు విడిచి పోయేవాళ్లు అంటారు. వేరే గనికి బదిలీ అయిందేమో అనుకుని గులాం అలీ సరేనని, వెనక వాడికి దీపం ఇచ్చాడు. రద్దీ తగ్గి, ఇందాక గుడ్డతో దీపాలు తుడుస్తూ కూర్చున్నప్పుడు ఆ మాట ఆయనకు మళ్లీ వినపడింది.

"బిడ్డా, నా తమ్ముడు అలీముద్దీన్ గిట్లనే అన్నడు. ఏందిరా మక్కాకు పోతున్నవా అని నేను నవ్విన. తెల్లారేసరికి తమ్ముడు లేడు. గీసారి నేను నవ్వ."

కొమురెల్లి పగలంతా ఊరి పక్క గంగ ఒడ్డున కూర్చుంటున్నాడని వలలేసే సదయ్య నాలుగు రోజుల కిందటే గులాం అలీ చెవిన వేశాడు. సెలవులో ఉన్న మనిషి గాలికి కూర్చున్నాడనుకున్నారు ఇద్దరూ. ఇప్పుడు ఆ మాట చెప్పగానే అనసూర్య డబ్బా అక్కడే వదిలి గంగ దిక్కు తిరిగింది. గులాం అలీ కిటికీలోంచే ఆమెను ఆపాడు.

"నువ్వు పోతె ఏడుస్తవు. నువ్వేడిస్తె ఆయన ఓదారుస్తడు. ఏం లేదు, ఇంటికి పో అంటడు. నువ్వు నమ్ముతవు. నేను పోత. పక్కపొంటి కూసుంట, ఇంటిదాక తోలుకొస్త. నువ్వు పొయ్యి ఇంట్ల ఏమేం ఉన్నయో సూసి తీసెయ్యి. ఆయన దొరికినంక మళ్ల ఇడిసిపెట్టొద్దు. దానికి తయారు కా."

ఆ వేళ జుమ్మా. గులాం అలీ ఉతికిన కుర్తా సంచిలో సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. ఆ సంచి మేకుకు అట్లాగే వదిలేసి, దీపాలు పక్కవాడికి అప్పగించి సైకిలెక్కాడు. నమాజుకు పోని శుక్రవారం ఆయన బతుకులో ఎన్నున్నాయో మనకు తెలియదు. ఈ శుక్రవారం మటుకు గంగ ఒడ్డుకు పోయాడు.

అనసూర్య ఇంటికి ఎట్లా చేరిందో ఆమెకే తెలియదు. చేరాక మాత్రం చేతులు చకచకా ఆడాయి. అటక, గూడు, మంచం కింద, అంతా వెతికింది. చెయ్యకూడని పనికి అక్కరకొస్తుందని తోచిన ప్రతిదీ ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. అది అయ్యాక చేతులకు పని లేకపోయింది.

అప్పుడే ఒక మాట గుర్తొచ్చింది. బుచ్చన్న పోయిన నెల రోజులకు కొమురెల్లి గోడకు చూస్తూ అన్న మాట. "ఐలవ్వ వదినె నా మొఖం సూడది. నేను బయటికొస్తె సాలు, తలుపేసుకుంటది. ఆమెది తప్పు లేదు." ఐలవ్వ అంటే బుచ్చన్న పెళ్లాం, వాళ్లకు ఒక్కతే కూతురు. కొన్నొద్దులైతే అదే సల్లారుతది అని అనసూర్య ఆ రోజు పొయ్యి దగ్గర నుంచే జవాబిచ్చింది. తలుపు సంగతి ఆమెకూ తెలిసిందే మరి. రోజూ సైరను మోగుతుంది, పక్కింటి తలుపు ధడాలున పడుతుంది, గొళ్లెం చప్పుడు గోడ దాటి వినిపిస్తుంది. లైనుకు పెద్ద దిక్కు పోశవ్వ అయితే ఇద్దరినీ ఎదురుపడనియ్యకండి, పుండు మీద కారం చల్లొద్దు అని గట్టిగా చెప్పింది. పెద్ద మాట అని అందరూ తలూపారు. రెండు నెలలుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల మధ్య మాటల్లేవు.

భయం ఎక్కువైతే దానికి కోపం తోడవుతుంది. ఈ తలుపే నా మొగుణ్ని తినేస్తోందనుకుంది అనసూర్య. పెరట్లోకి పోయి, నడుమెత్తు గోడ మీద చేతులు పెట్టి, అవతల బాసన్లు తోముతున్న ఐలవ్వను పిలిచింది. కుశలం అడగలేదు. ఇంకా ఎన్నాళ్లు మా ఆయన మొఖం మీద తలుపు వేస్తావని అడిగింది.

ఐలవ్వకు అర్థం కాలేదు. తల ఎత్తి చూసింది. రెండు నెలల తర్వాత దగ్గర నుంచి చూసిన ఆ మొఖం అనసూర్యకు గుర్తుపట్టడానికే కష్టమైంది. ఆమె అడిగిన మాట ఐలవ్వ మళ్లీ తనలో తాను అనుకుని, అప్పుడు నోరు తెరిచింది.

"ఆయన మొఖం మీదనా? సెల్లె, సైరన్ మొగుతె మొగోళ్లందరు డ్యూటీకి ఎల్తరు. మొగడు పోయినదాన్ని, వాకిట్ల నిలవడి వాళ్లకు ఎదురు రావాల్నా? నాకైంది ఇంకో ఆడిదానికి కావద్దని ఏసుకుంటున్న. మీ ఆయన అందరికన్న ముందుగాల ఎల్తడని, జరంత ముందుగాలనే ఏస్తున్న."

గనిలో దిగే మగవాడికి భర్త పోయిన ఆడది ఎదురు రాకూడదు. బొగ్గు ఊళ్లో ఆ సంగతి చంటిపిల్లలకూ తెలుసు. ఎదురొస్తే మనిషి వెనక్కి మళ్లి ఇంటికి పోయి, ఇన్ని నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరతాడు. ఆ సంగతి కొమురెల్లికి తెలియదా అంటే, అందరికన్నా బాగా తెలుసు. ఇరవై మందిని వెంటబెట్టుకుని దిగేవాడు, రెండు మూడు సార్లు తానే వెనక్కి మళ్లి నీళ్లు తాగినవాడు. తెలిసీ తట్టలేదు. తప్పు చేశానని నమ్మినవాడికి ఏ తలుపు మూసుకున్నా తనను చూసే మూసుకున్నట్టుంటుంది. అతని సంగతి సరే, అనసూర్యకు తట్టలేదేం? పోశవ్వకు తట్టలేదేం? లైనులో నలభై ఇళ్లవాళ్లూ చూస్తూనే ఉన్నారు. అడగడం ఒక్కటే ఎవరికీ చేత కాలేదు.

ఐలవ్వ ఇంకో సంగతి చెప్పింది. పొద్దున్నే కొమురెల్లి బూట్ల చప్పుడు తన వాకిట్లో ఆగుతుందట. అంత తొందరలో ఎందుకు ఆగుతున్నాడో, బూటు తాడు కట్టుకుంటున్నాడేమో అనుకుని, తన అలికిడి తగిలితే అపశకునమని, అతను కదిలేదాకా తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడుతోందట. అంటే రెండు నెలలుగా రోజూ ఒక చెక్క తలుపుకు అటు ఆమె, ఇటు అతను.

అనసూర్య ఇక దాచలేదు. దీపం, బిళ్ల, బొగ్గు పూత, గులాం అలీకి చెప్పిన మాఫీ, అన్నీ గోడ మీద నుంచే చెప్పేసింది. చెబుతుంటే ఐలవ్వ చేతిలోని గిన్నె జారి నీళ్లలో పడింది. ఆమె తీసుకోలేదు. బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది. చివరికి ఒక్కటే అడిగింది, మూడింటికి వస్తాడా అని.

మూడయింది. రెండో షిఫ్టు సైరను మోగింది. డబ్బాలు చేతబట్టుకుని మగవాళ్లు ఇళ్లల్లోంచి దిగారు. ఆ సైరనుకు పడవలసిన తలుపు పడలేదు. తెరుచుకుంది. ఐలవ్వ బోసి నుదురుతో, బోసి చేతులతో గడప దాటి, వాకిలి దాటి, సందు నడుమకు వచ్చి నిలబడింది.

నడుస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ముందున్నవాడు వెనకవాడి కాలు తొక్కాడు. ఒకడు గబుక్కున మొఖం తిప్పుకుని ఇంట్లోకి మళ్లాడు. వాణ్ని చూసి ఇంకో ఇద్దరు మళ్లారు. పోశవ్వ అరుగు మీద నుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ పిల్లకు మతి పోయిందని గొణిగింది. లోపలికి పొమ్మని ఎవరో మెల్లగా అన్నారు. ఐలవ్వ కదల్లేదు. శకునం పట్టింపున్నవాళ్లు ఇంటికి పోయి నీళ్లు తాగి రండి, ఈ పూట నాకు ఈ తొవ్వలో పనున్నది అని, కోపం లేకుండా, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

సందు మొదట్లో గులాం అలీ సైకిలు నడిపించుకుంటూ కనిపించాడు. పక్కన కొమురెల్లి. మొఖం నల్లగా ఉంది. వస్తూ వస్తూ బొగ్గు నిలవ పోసే బంకరు దగ్గర ఆగి, కింద రాలిన బొగ్గుపొడి గుప్పెడు తీసి పూసుకున్నాడట. గులాం అలీ పక్కనే నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. ఒడ్డున గంటన్నర కూర్చున్నా ఆయన అడిగింది ఒక్కటే, నాకు ఎండదెబ్బ తగిలినట్టున్నది, ఇంటిదాకా తోడు రమ్మని. నేను వద్దంటే వినేవాడు కాదు, నాకు తోడు రమ్మంటే కాదనలేకపోయాడు అని తర్వాత అనసూర్యతో చెప్పాడు.

కొమురెల్లి ఐలవ్వను చూశాడు. చూసి గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనక గులాం అలీ సైకిలు అడ్డంగా నిలబడి ఉంది. అది అనుకోకుండా నిలబడిందని మనం అనుకోనక్కర్లేదు.

ఐలవ్వ అతని ఎదుటికి నడిచి వచ్చింది. కొంగు తీసి అతని చెంప మీద ఒక్కసారి తుడిచింది. బొగ్గు మొత్తం కొంగుకు వచ్చేసింది. గనిలో ఎనిమిది గంటలు ఉన్నవాడి చెమటలో కలిసిన బొగ్గు సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. సందులో నిలబడ్డ ప్రతివాడికీ ఆ లెక్క తెలుసు. అందరూ ఆ తెల్లటి చెంప చూశారు. పోశవ్వ అరుగు మీద కూలబడింది.

"నిన్ను సూసి తలుపేసుకోలే కొమురెల్లి," అంది ఐలవ్వ. "నీకేం కావద్దని ఏసుకున్న. నువ్వు సల్లగుండాలెనని ఏసుకున్న."

అతనికి ఆ మాట చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. మనిషి అట్లాగే చూస్తున్నాడు. ఐలవ్వ చెయ్యి పట్టుకుని నడిపించి తన ఇంట్లోకే తీసుకుపోయింది. అనసూర్య వెనకే పోయింది. గులాం అలీ సైకిలుకు స్టాండు వేసి బయట మెట్టు మీద కూర్చున్నాడు.

లోపల కొమురెల్లి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చెంబుతో నీళ్లిస్తే తాగాడు. ఐలవ్వ అతని ఎదురుగా, మోకాలుకు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఆమె ఏం అడగబోతోందో అనసూర్యకు అర్థమైంది. ఆపాలనుకుంది. ఆ మాట పైకి అనకూడదని, అంటే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చింది. ఐలవ్వ అడిగేసింది.

"కొమురెల్లి, సచ్చిపోదామనుకుంటున్నవా?"

బయట మెట్టు మీద గులాం అలీ దగ్గిన చప్పుడు వినిపించింది. కొమురెల్లి చెంబు కింద పెట్టాడు.

"ఔ."

"ఎప్పుడు?"

"ఇయ్యాల."

పొద్దున ఆ టిఫిన్ డబ్బా తన కంట పడకపోతే ఏమై ఉండేదో అనుకుంది అనసూర్య. అతను ఆగకుండా చెప్పాడు, ఎవరిదో సంగతి చెప్పినట్టు. నాలుగు రోజుల కిందట నిశ్చయం చేసుకున్నాడట. చేసుకున్నాక నిమ్మళంగా ఉందట. ఆకలేసిందట, నిద్ర పట్టిందట. మైసమ్మ దయ అనుకుని తాను మురిసిపోయిన ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో అనసూర్యకు ఇప్పుడు తెలిసింది. తెలిసి, తన మీద తనకే అసహ్యం పుట్టింది. నాకెందుకు చెప్పలేదని అడిగింది.

"నువ్వు నవ్వుతున్నవ్. ఎన్కటి లెక్క నవ్వుతున్నవ్. ఎట్ల జెప్పాలె?" అన్నాడు.

అప్పుడు అతను ఐలవ్వ వైపు తిరిగి బండ సంగతి చెప్పాడు. విచారణలో చెప్పనిది, పెళ్లానికీ చెప్పనిది. ఆ పొద్దున బండ గట్టిగానే మోగింది. అయినా ఇంకొక్కసారి కొడదామా అని కర్ర ఎత్తాడు. వెనక మనుషులు నిలబడి ఉన్నారు, ఆలస్యమవుతోంది. ఎత్తిన కర్ర దించి చాక్‌పీసు తీశాడు. ఆ కొట్టని దెబ్బ అరవై రోజులుగా చెవిలో మోగుతూనే ఉంది.

నీ తప్పేం లేదని ఐలవ్వ వెంటనే అనేస్తుందని అనసూర్య ఆశపడింది. ఐలవ్వ అనలేదు. కళ్లు తుడుచుకుంది.

"ఇంకోసారి కొడ్తె ఏమైతుండెనో నాకు తెల్వది. నీకు తెల్వది, కంపెనీవోళ్లకు తెల్వది. నువ్వు సచ్చిపోతె గూడ తెల్వది. మీ అన్న నాకు లేకుండ పాయె. నువ్వు గూడ పోతె గా మనిషి గురించి మాట్లాడుకునేటందుకు నాకు ఎవలున్నరు?"

ఆ మాటకు కొమురెల్లి ఏడ్చాడు. రెండు నెలల్లో మొదటిసారి ఏడ్చాడు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, వీపు ఎగిసిపడేటట్టు ఏడ్చాడు. బొగ్గు, కన్నీళ్లు కలిసి చొక్కా మీద పడ్డాయి. ఇద్దరాడవాళ్లూ అతన్ని ఊరుకోమనలేదు. అనసూర్య వీపు మీద చెయ్యి వేసి, తీయకుండా కూర్చుంది.

తర్వాత మాటలు సులువయ్యాయి. గులాం అలీ గడప లోపలికి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం దవాఖానలో డాక్టరు ఉండే వేళకు నలుగురూ కలిసి పోవాలని, జరిగింది జరిగినట్టు చెప్పాలని, సిగ్గుపడి సగం దాచవద్దని అనుకున్నారు. డాక్టరు ఏం చెప్పినా, రాత్రీ పగలూ ఎవరో ఒకరు కొమురెల్లి పక్కన ఉండాలని, గులాం అలీ డ్యూటీ లేనప్పుడల్లా వస్తాడని అనుకున్నారు. డాక్టరును చూసేదాకా ఎక్కడికీ పోనని కొమురెల్లి మాట ఇవ్వాలన్నారు. అతను కాసేపు ఆలోచించే ఇచ్చాడు. ఆలోచించి ఇచ్చాడు కాబట్టే అనసూర్యకు కొంచెం నమ్మకం కలిగింది. పొయ్యి ముట్టించి చాయ పెడతానని లేచింది. ఇవ్వాళ్టికి గండం గడిచిందనుకుంది. మనమూ అట్లాగే అనుకుని కథ ఇక్కడ ఆపేసేవాళ్లమే.

కొమురెల్లి మొఖం తుడుచుకుని తల ఎత్తాడు. ఆ ఇంట్లోకి అతను రెండు నెలలకు అడుగు పెట్టాడు. ఊరికే నాలుగు దిక్కులా చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

గూట్లో గిన్నెలన్నీ మెరిసేటట్టు తోమి బోర్లించి ఉన్నాయి. బియ్యం డబ్బా అడుగు దాకా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి ఉంది. దండెం మీద ఒక్క బట్ట లేదు. బుచ్చన్న ధోవతులు ఒక మూట, కూతురి రవికెలు, లంగాలు ఒక మూట, ఏ మూట ఎవరికో తెలిసేటట్టు రెండు రంగుల గుడ్డలతో విడివిడిగా కట్టి గోడవార పెట్టి ఉన్నాయి. అనసూర్యా చూసింది ఆ ఇల్లు. ఎంత శుభ్రంగా ఉంచుకుంది అనుకుంది. కొమురెల్లికి అట్లా కనిపించలేదు. పోయిన నాలుగు రోజులుగా తన సామానంతా తాను సర్దుకున్న మనిషి అతను.

"పోరి ఏది, వదినె?" అన్నాడు.

మా అవ్వగారింటికి తోలిచ్చిన అంది ఐలవ్వ. మొన్న. ఎప్పుడొస్తుందని అడిగాడు. ఆమె నేల మీద ఏదో గీస్తూ ఉండిపోయింది.

పొయ్యి ముట్టించబోయిన అనసూర్య వెనక్కి తిరిగింది. గులాం అలీ లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. అందరూ ఒక మనిషి కోసం పరుగెత్తారు. రెండు నెలలుగా రోజుకు మూడుసార్లు గొళ్లెం పడుతున్న చప్పుడు వింటూ, దాని వెనక ఒక్కతే ఏం చేస్తోందని లైనులో ఒక్క ప్రాణీ తొంగి చూడలేదు.

కొమురెల్లి జరిగి ఆమె ముందుకు వచ్చి కూర్చున్నాడు.

"వదినె, నువ్వు అడిగినవ్. నేను అబద్దం ఆడలే. ఇప్పుడు నేనడుగుత. నువ్వు గూడ ఆడొద్దు. గదే అనుకుంటున్నవా?"

ఐలవ్వ తల ఊపింది.

"ఎప్పుడు?"

"ఆయితారం," అంది.

ఆ వేళ శుక్రవారం. నడుమ ఒక్క శనివారం.